ఒక ఆయిల్ కంపెనీ, మూడు సోలార్ ఫైళ్ళు

నాది ప్రాజెక్టుల లెక్కలు చూసే ఉద్యోగం. ఒక మధ్యతరహా ఆయిల్ కంపెనీలో. కొత్త బావి తవ్వాలన్నా, పైపులైను వేయాలన్నా, పాత ఫీల్డు ఒకటి కొనాలన్నా ఆ ప్రతిపాదన బోర్డు ముందుకి వెళ్ళేలోపు మా టేబుల్ మీద రెండు మూడు వారాలు నానుతుంది. కంపెనీ పేరు, ఫీల్డులున్న దేశం పేరు చెప్పను. చెప్పనని సంతకం పెట్టాను, చెప్పినా ఈ కేసుకి కొత్తగా కలిసేది లేదు. లెక్కలు కూడా అసలువి కావు, నిష్పత్తులు చెడకుండా 100 డాలర్ల మీదకి కుదించినవి.

సోలార్ ఇంత చౌకయ్యాక కూడా ఆయిల్ కంపెనీలు అందులోకి ఎందుకు దూకవని బయటివాళ్ళు అడుగుతుంటారు. అడిగేవాళ్ళలో సగం మంది దగ్గర జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: కావాలనే తొక్కిపెట్టారు, పేటెంట్లు కొని బీరువాలో దాచేశారు అని. నేను లోపల ఉండి చూసింది వేరు. రెండేళ్ళలో మా దగ్గర మూడు సోలార్ ఫైళ్ళు నడిచాయి. మూడింటిలోనూ ప్యానెల్స్ దాదాపు అవే, ఎండ అదే. బోర్డు మాత్రం మూడింటికీ మూడు రకాలుగా జవాబు చెప్పింది.

మొదటి ఫైలు: గ్రిడ్‌కి అమ్మే ప్లాంటు

ఒక డెవలపర్ దగ్గర 100 మెగావాట్ల ప్లాంటుకి స్థలం, గ్రిడ్ కనెక్షన్, 25 ఏళ్ళ కరెంటు కొనుగోలు ఒప్పందం అన్నీ సిద్ధంగా ఉన్నాయి. లేనిది డబ్బు. మమ్మల్ని భాగస్వామిగా రమ్మన్నాడు. ప్లాంటు ఖర్చు 100 డాలర్లు అనుకుంటే, నిర్వహణ, పన్నులు పోను ఏటా 8.6 డాలర్లు చేతికొస్తాయి. అలా 25 ఏళ్ళు. పెట్టిన 100 కూడా అందులోంచే తిరిగి రావాలి కాబట్టి రాబడి రేటు ఏడాదికి 7 శాతం.

ముందుముందు వచ్చే ఆ నగదుని ఏటా 6 శాతం చొప్పున తగ్గించి (దీన్నే డిస్కౌంట్ రేటు అంటారు) ఇవాళ్టి విలువలోకి మారిస్తే 110 డాలర్లు వస్తుంది. 100 పెడితే 110. పెన్షన్ ఫండు వాళ్ళకి చూపిస్తే అక్కడికక్కడే సంతకం పెడతారు. కానీ మా కంపెనీలో ఏ ప్రాజెక్టుకైనా కనీసం 15 శాతం రాబడి ఉండాలని రూలు. అదే నగదుని 15 శాతంతో చూస్తే విలువ 56 డాలర్ల దగ్గర ఆగిపోతుంది. అంటే 100 పెట్టి 44 తగలేసినట్టు. ప్లాంటులో ఒక్క బోల్టు మారలేదు. మారింది కొలబద్ద.

ఈ 15 శాతం ఎవరో దురాశతో పెట్టింది కాదు. బావి తవ్వితే చమురు పడకపోవచ్చు. పడినా ధర నిలవకపోవచ్చు. 2014 మధ్యలో బ్యారెల్ 110 డాలర్లు దాటి ఉన్న బ్రెంట్ (ప్రపంచ చమురు ధరకి కొలమానంగా చూసే క్రూడ్) 2016 జనవరిలో 30 లోపుకి పడింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా క్రూడ్ ఫ్యూచర్స్ (ముందు తేదీకి కుదుర్చుకునే కొనుగోలు ఒప్పందాలు) సున్నా కిందకి, మైనస్ 37.63 డాలర్లకి దిగాయి. ఇంకా ప్రభుత్వాలు మారతాయి, పన్నులు మారతాయి. ఆ దెబ్బలన్నీ తిని కూడా మిగలాలంటే కాగితం మీద 15 కనబడాలి.

సోలార్ ప్లాంటుకి ఈ భయాలు చాలావరకు లేవు. ఎండ ఎంత కాస్తుందో కొన్నేళ్ళ కొలతలున్నాయి, ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ తేడా స్వల్పం. ధర ఒప్పందంలోనే రాసి ఉంది. రిస్కు తక్కువున్నదాన్ని రిస్కు ఎక్కువున్నదాని కొలబద్దతో కొలవడం తప్పని నా వాదన. 6 శాతం పెట్టమని నోట్ రాశాను. పుస్తకం ప్రకారం చూస్తే నాదే కరెక్టు.

మా ఫైనాన్స్ డైరెక్టర్ ఆ నోట్ చదివి ఒక్కటే ప్రశ్న వేశారు. 6 శాతం నిలకడగా కావాలనుకునేవాడు విద్యుత్ కంపెనీ షేరు కొనుక్కుంటాడు గదా, మన షేరు ఎందుకు కొన్నాడు? చమురు ధర లేచినప్పుడు తనకీ లాభం రావాలని కొన్నాడు. అతని డబ్బు తీసుకెళ్ళి, ధర ఎప్పటికీ లేవని చోట మనం పెడితే ఊరుకుంటాడా? ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల చమురు ధర పెరిగినప్పుడు ఎక్సాన్ మొబిల్ ఒక్క ఏడాదిలో సుమారు 5,600 కోట్ల డాలర్ల లాభం చూపింది. స్థిర ధర మీద నడిచే సోలార్ ప్లాంటుకి అలాంటి ఏడాది ఒక్కటి కూడా రాదు. చెడ్డ ఏడాది ఉండదు, పండగా ఉండదు.

ఇంకో రెండు అడ్డంకులు నేను తక్కువగా అంచనా వేశాను. ఒకటి సైజు. సముద్రం లోతుల్లో ఒక ప్రాజెక్టు వందల కోట్ల డాలర్లు మింగుతుంది. అంత డబ్బు సోలార్‌లో పెట్టాలంటే ఇలాంటి ప్లాంట్లు పదుల సంఖ్యలో కావాలి. ఒక్కోదానికీ భూమి పత్రాలు, గ్రిడ్ అనుమతులు, లాయర్లు. పెద్ద ఫైలుకి పట్టే శ్రమే చిన్న ఫైలుకీ పడుతుంది. రెండోది మా సొంత ఇంజనీరింగ్ ప్రమాణాలు. రిఫైనరీకి రాసిన స్పెసిఫికేషన్లనే సోలార్ ప్లాంటుకీ వర్తింపజేశారు. కేబుల్ ట్రేలు స్టెయిన్‌లెస్ స్టీల్, కంట్రోల్ రూముకి పేలుడు తట్టుకునే గోడ. మైదానంలో పెట్టే ప్యానెల్స్ పక్కన ఏది పేలుతుందని అడిగితే "రూలు రూలే" అన్నారు. ఆ గోడ తీయించడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

బోర్డు ఫైలు తిప్పి పంపింది. మీటింగులో అందరికంటే వయసులో పెద్దాయన ఒకరు, ఈ సినిమా మేం ముందే చూశాం అన్నారు. ఆ మాటకి నాకు కోపమొచ్చింది. ఇంటికెళ్ళి పాత చరిత్ర తవ్వాను. పెద్దాయన చెప్పింది నిజమే.

పాత సినిమా

భూమి మీద వాడే సోలార్ సెల్‌ని చౌక చేయడానికి మొదట గట్టిగా డబ్బు పెట్టిన వాళ్ళలో ఎక్సాన్ ఒకటి. ఎలియట్ బెర్మన్ అనే రసాయన శాస్త్రవేత్త 1973లో ఎక్సాన్ డబ్బుతో సోలార్ పవర్ కార్పొరేషన్ పెట్టాడు. అప్పటిదాకా ఉపగ్రహాలకి వాడే సెల్స్ ధర వాట్‌కి 100 డాలర్ల దగ్గరుండేది. చిప్పుల పరిశ్రమ పనికిరావని పక్కన పెట్టిన సిలికాన్ వేఫర్లు వాడి బెర్మన్ బృందం దాన్ని 20 డాలర్ల దరిదాపుల్లోకి తెచ్చింది. ఆ సెల్స్‌ని ఎవరు కొన్నారో చూడండి. చమురు పరిశ్రమే! గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో సముద్రం మీది ప్లాట్‌ఫారాలకి రాత్రిపూట హెచ్చరిక దీపాలు తప్పనిసరి. ఆ దీపాల బ్యాటరీలు మార్చడానికి పడవ పంపాలి, మనుషుల్ని పంపాలి. దాంతో పోలిస్తే వాట్‌కి 20 డాలర్లు కారుచౌక. పైపులైన్లకి తుప్పు పట్టకుండా సన్నటి కరెంటు పంపే ఏర్పాటు ఉంటుంది, కేథోడిక్ ప్రొటెక్షన్ అంటారు. కరెంటు తీగ లేని చోట్ల దానికీ సోలారే దిక్కయింది.

మిగతా ఆయిల్ కంపెనీలూ వచ్చాయి. మొబిల్ 1974లో టైకో అనే కంపెనీతో కలిసి రిబ్బన్ సిలికాన్ (దిమ్మెని కోయకుండా పట్టీలా లాగి తీసే సిలికాన్) మీద పని మొదలుపెట్టింది. ఆర్కో 1977లో బిల్ యెర్క్స్ చిన్న కంపెనీని కొని ఆర్కో సోలార్ అని పేరు పెట్టింది, 1982లో కాలిఫోర్నియాలోని హెస్పీరియా దగ్గర ప్రపంచంలోనే మొదటి మెగావాట్ స్థాయి ప్లాంటు కట్టింది. తర్వాత కారిజో మైదానంలో 5.2 మెగావాట్లు. అక్కడ ఎక్కువ వెలుతురు కోసం ప్యానెల్స్ పక్కన అద్దాలు పెట్టారు. వేడి పెరిగి లోపలి పొర గోధుమ రంగుకి తిరిగింది, ఉత్పత్తి పడిపోయింది. చివరికి ప్లాంటు విప్పేసి ప్యానెల్స్ సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముకున్నారు. అమోకో 1983లో సోలారెక్స్ అనే సోలార్ సెల్స్ కంపెనీని పూర్తిగా తీసుకుంది. పేటెంట్లు బీరువాలో దాచారనే కథ ఇక్కడ నిలవదు. దాచేవాళ్ళు ఫ్యాక్టరీలు కట్టి నష్టాలు మోయరు. 1980ల మొదట్లో అమెరికా సోలార్ సెల్ తయారీలో పెద్ద భాగం ఆయిల్ కంపెనీల చేతిలోనే ఉంది.

తర్వాత చమురు ధర పడింది, ఒక్కొక్కరే జారుకున్నారు. ఎక్సాన్ 1980ల మధ్యలో, ఆర్కో 1990లో సీమెన్స్‌కి అమ్మేసి, మొబిల్ 1994లో. రెండో విడతలో బీపీ, షెల్ వచ్చాయి. అప్పటికి ఎన్రాన్ అనే ఇంధన కంపెనీ చేతిలో ఉన్న సోలారెక్స్ వాటాని బీపీ 1999లో 4.5 కోట్ల డాలర్లకి కొంది, 2000లో సూర్యుణ్ణి లోగోగా పెట్టుకుంది, 2011 చివర్లో బీపీ సోలార్ మూసేసింది. షెల్ తన సిలికాన్ ప్యానెల్ వ్యాపారాన్ని 2006లో సోలార్‌వరల్డ్‌కి అమ్మింది. ఆ సోలార్‌వరల్డ్ కూడా 2017లో దివాలా తీసింది.

ఈ వరసని చేతకానితనం అని కొట్టిపారేయడం తేలిక. నాకు కనబడే కారణం వేరు. చమురులో లాభం అరుదైన రాయి నుంచి వస్తుంది. మంచి ఫీల్డు మీ చేతిలో ఉంటే పక్కవాడు దాన్ని కాపీ కొట్టలేడు. సోలార్ ఫ్యాక్టరీ అలా కాదు. మీరు ఇవాళ కట్టినదాన్ని ఎల్లుండి ఇంకొకడు ఇంకా చౌకగా కడతాడు. ప్రపంచంలో మొత్తం ప్యానెల్స్ తయారీ రెట్టింపైన ప్రతిసారీ ధర సుమారు 20 శాతం పడుతూ వచ్చింది. సెల్స్‌కి ముడిసరుకైన పాలీసిలికాన్ 2008లో కిలో 400 డాలర్లు దాటింది, అదే 2012 కల్లా 20ల్లోకి దిగింది. 2008 ధర చూసి ఫ్యాక్టరీ కట్టినవాడు మునిగాడు, 2012లో ప్యానెల్స్ కొన్నవాడు బాగుపడ్డాడు. ఈ వ్యాపారంలో మేలంతా కొనేవాడికే జారిపోతుంది.

ఆ వాక్యం నోట్‌బుక్‌లో రాసుకున్నాక నాకు రెండో ఫైలు తట్టింది.

రెండో ఫైలు: మన బావులకి మనమే

మాకు ఎడారిలో రెండు ఫీల్డులున్నాయి. మొదటిదానికి గ్రిడ్ లేదు. పంపులు, క్యాంపు, కంట్రోల్ రూము అన్నీ డీజిల్ జెనరేటర్ల మీదే. డీజిల్ ట్యాంకర్లలో రావాలి. జెనరేటర్ ఒక యూనిట్ కరెంటుకి సుమారు 0.3 లీటర్ల డీజిల్ తాగుతుంది. చమురు తవ్వేచోట డీజిల్ కొనుక్కొచ్చి తగలబెట్టడం బయటివాళ్ళకి వింతగా ఉంటుంది. బావి నుంచి వచ్చేది క్రూడ్, దాన్ని నేరుగా ఇంజన్‌లో పోయలేం.

ఇక్కడ సోలార్ యూనిట్‌ని గ్రిడ్ ధరతో పోల్చక్కర్లేదు, ట్యాంకర్‌లో వచ్చిన డీజిల్‌తో పోల్చాలి. 100 డాలర్లు పెడితే ఏటా 28 డాలర్ల డీజిల్ మిగులుతుందని తేలింది. ఫీల్డు ఆయుష్షు ఇంకో 12 ఏళ్ళే అని పట్టుబట్టారు. 12 ఏళ్ళకే లెక్కేసినా 25 శాతం దాటింది. పైగా ఫీల్డు మూసేస్తే ప్యానెల్స్ విప్పి ఇంకోచోటికి తీసుకెళ్ళొచ్చు, పైపుల్లా భూమిలో వదిలేయక్కర్లేదు.

కాగితం మీద ఇంత తేలిగ్గా ఉన్నది ఫీల్డులో తేలిక కాలేదు. పంపులు 24 గంటలూ తిరగాలి, ఎండ అన్ని గంటలుండదు. బ్యాటరీలు లేకుండా చేస్తే ఏడాది మొత్తంలో కరెంటు అవసరంలో ఐదో వంతు సోలార్‌తో తీరడమే గొప్ప. పగలు సోలార్ ఎంతున్నా జెనరేటర్‌ని పూర్తిగా ఆపలేం, మబ్బు కమ్మిందంటే పంపులు ఆగిపోతాయి. అలాగని 30 శాతం లోడు కిందకి దింపి నడిపితే డీజిల్ సరిగా కాలక ఇంజన్‌లో మసి పట్టి పాడవుతుంది. అందుకని మధ్యాహ్నం పూట చేతికొచ్చే సోలార్‌నే కొంత వదిలేయాల్సి వచ్చింది. దీన్ని నేను మొదటి లెక్కలో పట్టుకోలేదు. ఫీల్డు మేనేజరు పట్టుకున్నాడు. పెద్ద జెనరేటర్ ఒకటి తీసి రెండు చిన్నవి పెడితే సరిపోతుందన్నాడు. సరిపోయింది. ఆ ఖర్చు కలిపాక కూడా రాబడి 20 శాతం పైనే ఉంది.

నా ఇంకో తప్పు దుమ్ము. వాన కురిసే ప్రాంతాల అంకె తీసుకొచ్చి ఎడారి ఫైల్లో పెట్టాను. మొదటి రెండు నెలలూ ఉత్పత్తి అంచనా కంటే బాగా తక్కువొచ్చింది. నీళ్ళతో కడుగుదామంటే ఆ నీళ్ళూ ట్యాంకర్‌లోనే రావాలి. చివరికి పొడి బ్రష్షులతో తుడిపిస్తున్నాం. బావుల నుంచి మండే వాయువు తేలే అవకాశమున్న హద్దులో ఇన్వర్టర్లు పెట్టకూడదు కాబట్టి వాటిని బయటికి జరిపాం, కేబుల్ పొడుగైంది. ఇవన్నీ చిన్న విషయాలే గానీ, ఇలాంటి పనిలో ఆయిల్ కంపెనీ మనుషులకి మంచి చెయ్యి ఉంది. బ్యాంకు వడ్డీ కోసం బేరమాడటం వాళ్ళకి రాదు, దిక్కులేని చోట యంత్రాన్ని ఆగకుండా నడపడం వచ్చు.

మొదటి ఫీల్డుకి బోర్డు సరేనంది. రెండో ఫీల్డుకి కాదంది, ఈసారి నేనూ కాదనే రాశాను. అక్కడ చమురుతోపాటు పైకొచ్చే గ్యాస్‌తో టర్బైన్ నడుస్తుంది, మిగిలిన గ్యాస్‌ని మంట పెట్టి కాల్చేస్తారు. అమ్ముదామంటే పైపులైను లేదు. ఇంధనం ఉత్తినే వస్తున్నప్పుడు సోలార్ ఆదా చేసేది ఏమీ లేదు, పెడితే మంట ఇంకాస్త పెద్దదవుతుంది. ఇక్కడ డబ్బు పెట్టాల్సింది గ్యాస్ పట్టుకోవడానికి గానీ ప్యానెల్స్‌కి కాదు.

ఆ గ్యాస్‌కే కొనేవాడు ఉంటే కథ తిరగబడుతుంది. ఒమన్‌లోని అమల్ ఫీల్డులో చిక్కటి చమురుని పలచబరచడానికి భూమిలోకి ఆవిరి పంపాలి. ఆ ఆవిరికి గ్యాస్ కాల్చే బదులు గాజు షెడ్లలో అద్దాలు పెట్టి, ఎండతోనే ఆవిరి పుట్టించే మిరాహ్ ప్రాజెక్టు 2017లో మొదలైంది. మిగిలిన గ్యాస్ దేశానికి పనికొస్తుంది. అది కట్టిన గ్లాస్‌పాయింట్ కంపెనీ 2020లో మూతపడింది, అది వేరే విషాదం. సౌదీ అరేబియా వేసవిలో ఏసీల కోసం రోజుకి లక్షల బ్యారెళ్ళ క్రూడ్ కాలుస్తుంది. అక్కడ సోలార్ పెడితే ఆ క్రూడ్ ఓడెక్కుతుంది. 1,500 మెగావాట్ల సుదైర్ ప్లాంటులో సౌదీ ప్రభుత్వ ఆయిల్ కంపెనీ అరాంకో వాటా తీసుకోవడం పర్యావరణ ప్రేమ కాకపోయినా నాకు అర్థమయ్యే లెక్క.

సోలార్ చమురుకి శత్రువు కదా, దాన్నెందుకు పెంచి పోషిస్తారని ఎవరో ఒకరు అడుగుతారు. ప్రపంచ కరెంటులో చమురుతో పుట్టేది 3 శాతం కూడా లేదు. సోలార్ పక్కకి నెట్టేది ముందు బొగ్గుని, గ్యాస్‌ని. చమురుకి అసలు పోటీ రోడ్డు మీద తిరిగే ఎలక్ట్రిక్ కారు.

మధ్యలో ఒక ప్రయత్నం

రెండో ఫైలు గెలిచిన ఊపులో మొదటి ఫైలుని తిరగరాశాను. యూరప్ కంపెనీల పద్ధతి అది. 100లో 70 డాలర్లు 5 శాతం వడ్డీకి 18 ఏళ్ళ అప్పు తేవాలి. ఏటా 6 డాలర్లు వాయిదా పోతే 2.6 మిగులుతుంది, మన సొంత డబ్బు 30. అప్పు తీరాక వచ్చేదంతా మనదే. రాబడి 9.6 శాతానికి ఎక్కింది. ప్లాంటు నడక మొదలయ్యాక అందులో సగం వాటాని, ప్లాంటుని 110గా చూసే పెన్షన్ ఫండుకి అమ్మాలి. అప్పు పోను మన వాటా విలువ 40, సగం అమ్మితే 20 వస్తుంది. ఇంక లోపలున్న మన డబ్బు 10, వచ్చేది ఏటా 1.3. నగదు రాబడి 13 శాతం. టోటల్ ఎనర్జీస్ ఇలాగే కట్టిన ప్లాంట్లలో సగం వాటాలు అమ్ముతూ ముందుకెళ్తోంది. కరెంటు ట్రేడింగ్, బ్యాటరీలు, గ్యాస్ ప్లాంట్లు కూడా పక్కన ఉన్నాయి కాబట్టి స్థిర ధర మీదే ఆధారపడక్కర్లేదు. ఆ కంపెనీ కూడా తయారీలోకి దిగి చేతులు కాల్చుకున్నదే. 2011లో 60 శాతం వాటా కోసం సుమారు 140 కోట్ల డాలర్లు పెట్టిన ప్యానెల్స్ కంపెనీ సన్‌పవర్ 2024 ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది.

మా బోర్డు దీనికీ ఒప్పుకోలేదు. ప్లాంటు కట్టి సగం అమ్మడం ఒక ఒరవడిగా, ఏళ్ళ తరబడి చేస్తేనే లాభం, ఒక్కసారికైతే లాయర్ల ఫీజే మిగులుతుందన్నారు. అప్పుడు మొండితనం అనుకున్నాను. తర్వాత బీపీని చూశాను. సోలార్‌ని మూసేసిన ఆరేళ్ళకి, 2017లో లైట్‌సోర్స్ అనే సోలార్ కంపెనీలో 43 శాతం వాటా తీసుకుంది. 2020లో పదేళ్ళలో చమురు, గ్యాస్ ఉత్పత్తి 40 శాతం తగ్గిస్తానంది. 2023లో దాన్ని 25 చేసింది. 2024లో లైట్‌సోర్స్ మొత్తం తన సొంతం చేసుకుంది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ చమురు వైపు తిరిగి, లైట్‌సోర్స్‌కి భాగస్వామిని వెతుకుతానంది. ఏ ఎండకా గొడుగు పట్టే కంపెనీకి 25 ఏళ్ళ ఒప్పందం ఎలా నప్పుతుంది? చమురు నమ్ముకున్న మదుపరులు దానితో ఉండలేకపోయారు, పచ్చదనం కోరుకునేవాళ్ళూ నమ్మలేదు. బీపీ కంటే, 1980ల్లో చేతులు కాల్చుకుని బయటికొచ్చాక మళ్ళీ సోలార్ జోలికి వెళ్ళని ఎక్సాన్ వైఖరే మదుపరులకి తేలిగ్గా అర్థమైంది. ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు, కానీ షేరు ధరలు చూసిన ఎవరైనా ఇదే అంటారు.

మూడో ఫైలు

మేం కాదన్న 100 మెగావాట్ల ప్లాంటుని ఆ డెవలపర్ బ్యాంకు అప్పుతో, ఒక పెన్షన్ ఫండు డబ్బుతో కట్టేశాడు. మరుసటి ఏడాది దాని పక్కనే రెండో దశ కట్టాలనుకున్నాడు. ఈసారి కరెంటు ఎవరు కొంటారా అని వెతికాడు. అదే గ్రిడ్ మీద మా రిఫైనరీ ఉంది, పగలూ రాత్రీ కరెంటు తాగుతుంది. గ్రిడ్ ధర కంటే తక్కువకి పదేళ్ళ స్థిర ధర ఇస్తానని ముందు నన్నే కలిశాడు.

ఈ ఫైలు పెట్టుబడుల కింద రాలేదు. రిఫైనరీ నిర్వహణ ఖర్చుల కింద వచ్చింది. ఆ ఫారంలో ఇప్పుడు కడుతున్న ధర, కట్టబోయే ధర, ఏటా ఆదా అనే మూడు గడులే ఉన్నాయి. 15 శాతం అడిగే గడి అందులో లేదు. ఇరవై నిమిషాల్లో పాసయింది. మొదటి ఫైలుని తిప్పి పంపిన పెద్దాయనే, ఒప్పందం పదేళ్ళకే ఎందుకు, పదిహేనేళ్ళకి దొరకదా అని అడిగారు. డెవలపర్‌కి ఫోన్ చేసి అడిగితే, ధర ఇంకో అర సెంటు తగ్గిస్తానన్నాడు.